కల్తీ లేని నొప్పి

చెల్లెలికి నొప్పి ఎప్పుడొస్తుందా అని ఇందుమతి కాచుకుని కూర్చుంది. లోకంలో ఏ అక్కా కోరుకోనిది కోరుకుంటున్నందుకు లోలోపల సిగ్గుగానే ఉంది. సుగుణకు మాత్రం అలాంటి మొహమాటం ఏమీ లేదు. విశాఖ శివార్లలో అక్క పనిచేసే ప్రయోగశాలలో మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఏసీ చలికి దుప్పటి కప్పుకుని, వచ్చే పోయే వాళ్ళందరినీ ఆటపట్టిస్తోంది.

"పిలిస్తే రాదప్పా అది. మన చిన్నత్తలాగ. వొద్దన్న రోజే వొచ్చి కూకుంటాది," అంది. వాళ్ళ యాసలో అప్పంటే అక్క.

సుగుణకు పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవళ్ళలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోట ఎముకలో నుంచి నొప్పి లేస్తుంది. ఆమెది అరకు దారిలో బొంగు చికెన్ కొట్టు. చలి తగిలితే నొప్పి రేగుతుంది కాబట్టి పొద్దస్తమానం నిప్పు పక్కన కూర్చునే పని దొరకడం తన అదృష్టమని టూరిస్టులకు చెప్పి నవ్విస్తుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఈ జబ్బుతోనే, ఒక చలికాలం, ఊపిరందక పోయింది. అప్పటి నుంచి చెల్లెలికి అమ్మా నాన్నా అన్నీ ఇందుమతే. కొండ దిగి చదువుకుని సైంటిస్టయినా, నెలకు రెండుసార్లు కొండెక్కకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

జబ్బు పూర్తిగా నయమయ్యే దారి ఒకటుంది. ఎముకల్లోని మూలుగను మార్చాలి. ఇందుమతి మూలుగ చెల్లెలికి అచ్చంగా సరిపోతుందని పరీక్షల్లో తేలింది కూడా. కానీ ఇప్పుడున్న సర్కారు పథకం చిన్నపిల్లల వరకే. సుగుణ ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. సొంతంగా చేయిద్దామంటే ఇందుమతి జీతం ఏ మూలకూ చాలదు. ఒంట్లో మందు పెట్టుకుని తిరుగుతూ, చెల్లెలికి అది ఇవ్వలేక ఏళ్ళు గడిపేసింది ఆమె.

ఆ ఏడాది దేశమంతా ఆరోగ్య హక్కు బిల్లు గురించి కొట్టుకుంటోంది. అందరూ అందులో నానా సంగతులూ చూస్తుంటే ఇందుమతి కళ్ళు ఒక్క ఏడో క్లాజు మీదే ఉన్నాయి. వయసుతో నిమిత్తం లేకుండా, రక్తానికి సంబంధించిన జబ్బులున్న ప్రతివాళ్ళకూ నయమయ్యే వైద్యం ప్రభుత్వమే చేయించాలని ఆ క్లాజు. అది ఉంటే సుగుణ బతుకుతుంది. అంతే సంగతి.

టీవీల్లో రోజూ రభసే. "ఒక్కరికి మూలుగ మార్చే ఖర్చుతో ఎన్ని ఊళ్ళకు టీకాలు వేయొచ్చో ఆలోచించారా?" అని ఒకాయన. "టీకా వేయించుకున్న ఆ ఊళ్ళోనే ఈ జబ్బు పిల్లలు చచ్చిపోతే చూస్తూ ఊరుకోమంటారా?" అని ఇంకొకావిడ. పన్నులన్నారు, రాష్ట్రాల హక్కులన్నారు, చిన్న ఆస్పత్రులు మూతపడతాయన్నారు. ప్రతి ఒక్కరి మాటలోనూ ఎంతోకొంత న్యాయం ఉండటం చూసి ఇందుమతికి భయమేసింది. ఒట్టి అబద్ధమైతే ఎవరో ఒకరు ఎదిరిస్తారు. సగం న్యాయాన్ని ఎదిరించే ఓపిక ఎవరికుంటుంది?

ఆ బిల్లును పరిశీలించే పార్లమెంటు కమిటీకి కోదండపాణి గారని ఒక పెద్దాయన అధ్యక్షుడు. మాట తప్పని మనిషని పేరు. ఇందుమతి పనిచేసే లాబ్‌లో తయారైన యంత్రం గురించి ఆయన ఎక్కడో విన్నారు. దాన్ని లాబ్‌లో అందరూ తలపాగా అంటారు. చూడటానికి అలాగే ఉంటుంది, తీగలు కుట్టిన గుడ్డపట్టీ. ఒకరి తలకు చుడితే వాళ్ళ అనుభవాన్ని పట్టుకుంటుంది. తర్వాత ఇంకొకరి తలకు చుడితే వాళ్ళకు అదే కలుగుతుంది. మొట్టమొదటిసారి పని చేసిన రోజు, లాబ్ పెద్ద మార్కండేయులు గారు తలపాగాతోనే పొరపాటున వేడి టీలో వేలు ముంచితే, మధ్యాహ్నం తలపాగా చుట్టుకున్న వాళ్ళందరూ వరసగా వేళ్ళు ఊదుకున్నారు. ఆ నవ్వులు చాలా రోజులు చెప్పుకున్నారు.

"ఓటు వేసే ముందు మా కమిటీ వాళ్ళం ఆ జబ్బు ఎలా ఉంటుందో ఒకసారి పడి చూస్తాం," అన్నారు కోదండపాణి గారు ఫోన్లో. "పడకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చదు."

ఎవరి నొప్పి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సుగుణే చెయ్యెత్తింది.

నొప్పి ఒక వాన పొద్దున వచ్చింది. ముందు మోకాళ్ళలో, ఆ తర్వాత నడుములో, చివరికి రొమ్ము ఎముకలో. సుగుణ వేళాకోళాలు ఆగిపోయాయి. ఇందుమతి గుండె రాయి చేసుకుని తలపాగా చుట్టింది. నొప్పి తగ్గించే ఇంజెక్షన్ పక్కనే పళ్ళెంలో ఉంది. తన చెయ్యి తనకు తెలియకుండానే అటు పోతుందేమోనని దాని మీద తువ్వాలు కప్పింది.

"చాలమ్మా ఇందూ. ఇచ్చెయ్," అన్నారు మార్కండేయులు గారు. చూడలేక గోడ వైపు తిరిగారాయన.

"ఇంకా పెరుగుతోంది సార్."

"ఉండనీండి సారూ," అంది సుగుణ పళ్ళ మధ్య నుంచి. "సగం నొప్పి అట్టుకెల్లి ఏటి సేసుకుంతారు ఆలు?"

కాసేపటికి ఆమె గొంతు మారింది. "అప్పా, అమ్మకి కూడా ఇలగే మొదలయింది కదా ఆ రోజు?"

"మాట్లాడకు."

"నా కేసే సూసింది. ఊపిరి తీయనేక నా కేసే సూసింది."

యంత్రం తెర మీద నొప్పి అలకు పైన ఇంకో అల లేచింది. ఇందుమతికి అదేమిటో తెలుసు. అది భయం. దాని పక్కనే, నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఇంకోటి కదులుతోంది. మాటలు చదవడం తలపాగాకు రాదు. కానీ అక్క మొహం కనిపించినప్పుడల్లా అది పెద్దదవుతోందని ఇందుమతి గమనించింది. ఇక పట్టలేక తువ్వాలు లాగేసి ఇంజెక్షన్ ఇచ్చింది. చెల్లెలు నిద్రపోయాక స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఇక్కడ ఆ లాబ్ పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్ళు ఏళ్ళ తరబడి మందుల కంపెనీలకు పనిచేశారు. మందు నొప్పి మీద పనిచేస్తోందో లేదో తేలాలంటే నొప్పి ఒక్కటే ఉండాలి. తక్కినవన్నీ, అంటే భయం, బెంగ, ఎవరో గుర్తుకు రావడం, వాళ్ళ లెక్కలో మట్టి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాటిని ఏరి పారేస్తారు. అంత శ్రద్ధగా ఏరడం ఇందుమతికి తప్ప ఆ లాబ్‌లో ఇంకెవరికీ చేతకాదు. ఆమె చేతిలో పడిన నొప్పి కడిగిన ముత్యంలా బయటికొస్తుందని మార్కండేయులు గారు నలుగురిలో మెచ్చుకునేవారు.

ఏరక ముందు సుగుణ నొప్పిని ఆయనే చుట్టుకుని చూశారు. రెండు క్షణాలకే తలపాగా పీకేసి కుర్చీలో కూలబడ్డారు.

"నొప్పి గుర్తే లేదమ్మా నాకు," అన్నారు చెమట తుడుచుకుంటూ. "చచ్చిపోతున్నాననిపించింది. ఎవరో ఒకావిడ నా వైపు చూస్తోంది..."

"మా అమ్మ."

ఆయన తలపాగా మడిచి బల్ల మీద పెట్టారు. "ఇది ఇలా పంపితే నాటకమంటారు. బెదిరించి ఓట్లు వేయించుకున్నామంటారు. అవతలి పక్షం వాళ్ళు మనల్ని చీల్చి చెండాడతారు. మనం శాస్త్రం తెలిసిన వాళ్ళం ఇందూ. కల్తీ లేని నొప్పి ఇద్దాం. అదే చాలు వాళ్ళకి."

ఆ మాట ఇందుమతికి నచ్చింది. నచ్చడమేమిటి, అదొక్కటే దారి అనిపించింది. పైగా తన పనితనం ఢిల్లీ దాకా వెళుతోందన్న గర్వం కూడా ఎక్కడో కాస్త ఉంది, లేదని ఎందుకనాలి? తిండీ నిద్రా మానేసి ఏరింది. అమ్మ చూపు తీసేసింది. ఊపిరి ఆగిపోతుందేమోనన్న బెదురు తీసేసింది. తన మొహం కనిపించినప్పుడల్లా పెద్దదయ్యే ఆ పేరు తెలియని బెంగను ఆఖరున, అతి జాగ్రత్తగా, వేళ్ళు వణక్కుండా తీసేసింది. మిగిలినదాన్ని చూసి మార్కండేయులు గారు ఆమె భుజం తట్టారు.

ఢిల్లీలో కమిటీ గదిలో పెద్ద పెద్ద మనుషులు ఒక్కొక్కరే తలపాగా చుట్టుకున్నారు. ఎవరి భాషలో వాళ్ళు అమ్మను పిలిచారు. ఏడో క్లాజును టీవీల్లో తూర్పారబట్టిన ఒకాయన బల్ల పట్టుకుని వాంతి చేసుకున్నాడు. అలా జరిగినందుకు ఇందుమతికి సంతోషం కలిగింది. అలాంటి సంతోషం కూడా ఉంటుందని ఆమెకు అప్పటివరకూ తెలియదు.

ఆఖరున కోదండపాణి గారు చుట్టుకున్నారు. మధ్యలో తీసేయండని ఎంత చెప్పినా వినలేదు. అయిపోయాక చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

"ఇది తరచూ వస్తుందా ఆ అమ్మాయికి?"

"చలికాలంలో మరీ ఎక్కువ సార్."

"ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుందా?"

"తగ్గుతుంది సార్."

"మరి ఇవ్వరేం?"

"మా కొండ మీద ఆస్పత్రుల్లో ఆ మందు ఉంచరు సార్. దానికి సవాలక్ష అనుమతులు. నొప్పితో మెలికలు తిరుగుతూ ఘాట్ దిగాలి."

"అన్యాయం," అన్నారాయన. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పచ్చి అన్యాయం."

ఆ మాటకు ఇందుమతి పొంగిపోయింది. అడిగిన ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ పిల్ల బతుకుతుందా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగనిదాన్ని చెప్పకూడదని చదువుకున్న చోటల్లా నేర్పారు మరి. రైల్లో తిరిగి వస్తూ, మూలుగ మార్పిడి అయ్యాక సుగుణను ఎన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకోవాలో, పథ్యం ఏం పెట్టాలో లెక్కలు వేసుకుంటూ కూర్చుంది. గంపెడాశతో కొండెక్కింది.

ఓటు జరిగిన రోజు కొట్టు దగ్గరే ఉంది ఇందుమతి. సుగుణ బొంగుల్లో మాంసం కూరి ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద దొర్లిస్తోంది. ఎవరో టూరిస్టు ఫోన్లో వార్తలు మోగుతున్నాయి. బిల్లు నెగ్గిందన్నారు. రెండు పక్షాలూ కలిసి బల్లలు చరిచాయన్నారు. ఇందుమతి చెల్లెల్ని వాటేసుకుంది. మసి చేతులతోనే సుగుణ కూడా వాటేసుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా ఇందుమతీ, నేను కోదండపాణిని. మీ చెల్లెలి కష్టం వృథా పోలేదు తల్లీ. ఆ పిల్ల పడ్డ బాధ ఇక ఈ దేశంలో ఎవరూ పడక్కర్లేదు. నొప్పితో ఆస్పత్రికి వచ్చిన మనిషికి, కొండ మీదైనా సరే, క్షణం ఆలస్యం లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి తీరాలి. డబ్బు తీసుకోకూడదు. ఇవ్వకపోతే శిక్ష. ఎదురు పక్షం వాళ్ళు కూడా ఒక్క మాట అడ్డు చెప్పలేదమ్మా. వాళ్ళూ పడ్డారు కదా!"

"చాలా సంతోషం సార్. ఏడో క్లాజు?"

"దాని స్థానంలో పెట్టిందే ఇది."

ఇందుమతి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "మూలుగ మార్పిడి సార్?"

"దానికి నిపుణుల సంఘం వేశాం. ముందు ముందు చూద్దాం. ఖర్చు సంగతి తేలక అందరూ వెనక్కి తగ్గారు. నేనూ ఒప్పుకున్నాను, నీకు అబద్ధం చెప్పను." ఆయన గొంతు తగ్గించారు. "ఆ నొప్పి నేను పడ్డానమ్మా. ఇది తగ్గితే చాలు దేవుడా, ఇంకేమీ అడగననిపించింది. ఒట్టు. ఆ పిల్లకైనా అంతేగా?"

సరే సార్ అని ఫోన్ పెట్టేసింది. ఆయన మాటలో అబద్ధం లేదు. తను ఏం పంపిందో ఆయన దాన్నే అందుకున్నారు. ఆ నొప్పిలో చావు లేదు. చావును తనే ఏరి పారేసింది.

సుగుణ అంతా విని కాసేపు నిప్పుల కేసి చూసింది. తర్వాత ఎప్పట్లాగే నవ్వింది. "పోనీలేప్పా. కొండ మీద ముసిలోల్లకీ, పురిటోల్లకీ అందరికీ సూది దొరుకుతాది. సెడ్డ పనేం కాదు కదా."

"కాదు."

"నాను బయపడిపోనాను కదా ఆ రోజు. అది కూడా ఆలకి తెలిసిందా?"

ఇందుమతి ఒక ఆకు తీసి మడతపెట్టింది. "తీసేశాను," అంది చివరికి.

"ఎందుకు?"

"అది నొప్పి కాదని."

సుగుణ ఒక బొంగును ఇటు నుంచి అటు దొర్లించింది. కోపం రాలేదామెకు. వచ్చినా బాగుండేది. "నొప్పీ, బయమూ నాకెప్పుడూ యేరేయేరేగా రానేదప్పా," అంది.

ఇందుమతి ఆ రాత్రికి రాత్రే విశాఖ దిగలేదు కానీ తెల్లారాక మొదటి బస్సెక్కింది. ఏరక ముందున్న నొప్పి లాబ్‌లో ఇంకా భద్రంగానే ఉంది. దాన్ని పట్టుకుని ఢిల్లీకి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. పార్లమెంటు వాయిదా పడింది. పని ముగిసిందని కమిటీని రద్దు చేశారు. కోదండపాణి గారు మాత్రం మాట మీద నిలబడే మనిషే. అంతా విని, "పొరపాటు నాది కూడా అమ్మా. నేను అడగాల్సింది," అన్నారు. వచ్చే సమావేశాల్లో సవరణ పెడతానని, అప్పుడు తనే మళ్ళీ ముందుగా తలపాగా చుట్టుకుంటానని చెప్పారు. వచ్చే సమావేశాలు ఎండాకాలంలో. అరకులో అప్పటికే చలి మొదలైంది.

ఎండాకాలం దాకా చెల్లెల్ని విశాఖలో తన దగ్గరే ఉండమంది ఇందుమతి. బతిమాలింది, తిట్టింది. సీజన్ పోతే కొట్టు గతేమిటని సుగుణ చెవిన వేసుకోలేదు.

సంతరోజు తెల్లవారుజామున కబురొచ్చింది. ఇందుమతి అరకు ఆస్పత్రికి చేరేసరికి సుగుణ ప్రశాంతంగా పడుకుని ఉంది. గోడకు కొత్త చట్టం బోర్డు, దాని కింద మందుల బీరువా, నిండా ఇంజెక్షన్లు. వచ్చిన వెంటనే ఇచ్చారట. ఎవరూ ఏమీ అడగలేదట. డాక్టరు కుర్రవాడు ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ఈసారి ఊపిరితిత్తుల్లో అడ్డుపడింది మేడమ్. రక్తం మొత్తం మార్చాలి. ఆ యంత్రం ఇక్కడ లేదు. ఈ స్థితిలో ఘాట్ దింపితే దారిలోనే..." అతను ఆగిపోయాడు. "మూలుగ మార్పిడి అయ్యుంటే ఇంత దాకా వచ్చేది కాదు. నొప్పి మాత్రం లేకుండా చూస్తున్నాం. అది నేను హామీ ఇవ్వగలను."

ఇందుమతి లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ఆక్సిజన్ గొట్టం కింద సుగుణ పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం బాగా తెరిచే ఉన్నాయి. నర్సు చార్టు పట్టుకుని వచ్చింది. గంటకోసారి అడిగి రాసుకోవాలని చట్టంలో ఉంది.

"నొప్పి ఎంతుందమ్మా ఇప్పుడు? సున్నా నుంచి పది లోపల చెప్పు."

"సున్నా," అంది సుగుణ.

"మంచిది తల్లీ," అంది నర్సు. మొహం విప్పారింది. మొక్కుబడిగా అన్న మాట కాదది. ఇదే మంచాల మీద మనుషులు కేకలు పెడుతుంటే చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చిన రోజులు ఎన్నో చూసిందామె.

నర్సు వెళ్ళాక సుగుణ చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంది. ఇందుమతి అందుకుంది.

"అప్పా."

"ఊఁ."

"నొప్పి నేదు."

"అవునమ్మా. ఇంక రాదు."

"బయమేస్తంది."

 ధైర్యంగా ఉండమని అనబోయి ఇందుమతి ఆగిపోయింది. ఇంకోసారి ఆ భయాన్ని తోసిపారేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

"నాకూ ఏస్తందే," అంది.

"నీకెందుకు?"

"నువ్వు నేకపోతే నానొక్కత్తినే ఉండాల కదా."

ఆ రోజు లాబ్‌లో చూసినట్టే సుగుణ ఆమె మొహంలోకి చూసింది. ఏదో చెప్పాలని చాలా ప్రయత్నించింది. ఊపిరి చాలక పెదవులు కదిలి ఆగాయి, మళ్ళీ కదిలాయి. "నానూ... అదే," అంది. "ఎప్పుడూ... అదే."

ఆ తర్వాత మాట్లాడలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు గట్టిగా పట్టుకుంది. బయట సంతలో బేరాలాడుతున్న వాళ్ళ గొంతులు, జీపుల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. పట్టు కొద్దికొద్దిగా సడలింది. ఎప్పుడు పూర్తిగా సడలిందో ఇందుమతికి తెలుసు. తెలియనట్టే కూర్చుంది.

గంట కాగానే నర్సు చార్టు పట్టుకుని వచ్చింది. అలవాటు చొప్పున "నొప్పి..." అనబోయి, మంచం వైపు చూసి నాలుక కరుచుకుంది. ఆక్సిజన్ ఆపేసింది. సుగుణ కళ్ళను చేత్తో మూసింది. తర్వాత కలం జేబులో పెట్టుకుని, ఇందుమతి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అడగడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు.